హబీబ్ వెళ్లిపోయాక

మా ఆవిడ లివర్‌పూల్. ఆవిడ మేనమామ ఈస్ట్ బెంగాల్. నేను క్రికెట్ చూసేవాణ్ణి కాబట్టి ఈ వ్యవహారంలో నాకు ఓటు లేదు. మావయ్యగారి తండ్రి శ్రీకాకుళం జిల్లా నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకి ఫిట్టరుగా వెళ్లారు. ఈయన పుట్టిందీ, చదివిందీ, అదే వర్క్‌షాపులో రిటైరైందీ అక్కడే. ఇప్పుడు గాజువాకలో ఉంటున్నారు. అభిమాని తన ఫుట్‌బాల్ క్లబ్బుని మొదట ఎలా ప్రేమిస్తాడన్న విషయంలో మామకీ మేనకోడలికీ ఏనాడూ పొసగదు. క్లబ్బు అన్నది ఎవరో మన చేతిలో పెడతారు తప్ప మనం ఎంచుకోం అని ఆయన వాదం. తనకు తానుగా ఎంచుకోనిది ప్రేమెలా అవుతుందని ఈవిడ వాదం. మొన్న సంక్రాంతికి జరిగిన రభస ఇది. తిట్లూ, కాఫీకి ఆగిన చోట్లూ తీసేసి రాస్తున్నాను.

మావయ్య: లివర్‌పూల్ ఊరు చూశావేటి నువ్వు?

మేనకోడలు: లేదు.

మావయ్య: మనవాళ్లెవరైనా ఉన్నారా అక్కడ?

మేనకోడలు: లేరు. ప్రతిసారీ ఇక్కణ్ణుంచే మొదలెడతావు మావయ్యా. ఎవరూ లేరు, ఏమీ లేదు, అయినా నాకు కావాలనిపించింది. అదీ ప్రేమంటే. నీ సంగతి చూడు. పక్క క్వార్టర్‌వాళ్లు ఈస్ట్ బెంగాల్, అందుకని నువ్వూ ఈస్ట్ బెంగాల్. వాళ్లు మోహన్ బగాన్ అయ్యుంటే ఈపాటికి ఆకుపచ్చ, మెరూన్ కండువా కప్పుకుని కూర్చునేవాడివి. ఇందులో నీ ప్రమేయం ఏముంది?

మావయ్య: లేదనే కదమ్మా నేను మొత్తుకునేది. చిన్నపిల్లాడికి ఎంచుకునే బుద్ధి ఎక్కడుంటుంది? పక్క క్వార్టర్ కాకాబాబుది బరిసాల్. దేశ విభజనలో ఇల్లూ పొలమూ వదిలేసి వచ్చిన మనిషి. మ్యాచ్ ఉన్న రోజు రేడియో తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. అజయ్ బసు కామెంటరీ. నాకు అప్పటికి బజారుకి సరిపడా బెంగాలీయే వచ్చు. ఆట ఏం అర్థమవుతుంది? నాకు అర్థమైందల్లా ఆ మనిషి మొహం. ఎప్పుడూ నవ్వనివాడు గోలు పడితే నవ్వేవాడు. అది చూడ్డానికి వెళ్లి కూర్చునేవాణ్ణి. గెలిచిన రోజు వాళ్లింట్లో ఇలీష్ వండేవారు, గిన్నెతో మాకూ పంపేవారు.

మేనకోడలు: అంటే చేపల పులుసుకి అమ్ముడుపోయావన్నమాట.

(ఇలీష్ అంటే మరేదో కాదు, మన పులసే. సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదిందాన్ని మనం పులస అంటాం. మోహన్ బగాన్ గెలిచిన రోజు కలకత్తాలో రొయ్యలు వండుకుంటారట. ఈ వాదంలో నాకు పూర్తిగా అర్థమైన భాగం ఇదొక్కటే.)

మావయ్య: నవ్వు. తర్వాత ఒకరోజు నన్ను మైదానానికి తీసుకెళ్లాడు. హౌరాకి 115 కిలోమీటర్లు, లోకల్ బండిలో నిలబడి వెళ్లాం. తీరా వెళ్తే టికెట్లు లేవు. గ్రౌండు బయట అట్టతో చేసిన పెరిస్కోపులు ఉండేవి. పైనొక అద్దం, కిందొక అద్దం. జనం తలలమీంచి అది ఎత్తి పట్టుకుని చూడాలి. నా వంతు వచ్చేసరికి అందులో నాకు కనపడింది ఎర్ర ముక్క, పసుపు ముక్క, కాస్త గడ్డి. ఎవరు కొట్టారో, ఎవరు ఆపారో తెలీదు. చుట్టూ ఉన్న మనుషుల్ని మాత్రం బాగా చూశాను. చెప్పుల్లేనివాళ్లూ, కోర్టు నల్లకోటు విప్పకుండా వచ్చిన ప్లీడర్లూ అందరూ ఒకే తిట్టు తిడుతున్నారు.

మేనకోడలు: ఈ మాటొకటి నీకు అనుకూలంగా చెప్తున్నాను, రాసి పెట్టుకో. నిక్ హార్న్‌బీ అని ఇంగ్లీషు రచయిత ఉన్నాడు. ఆర్సెనల్ పిచ్చివాడు. 1992లో ‘ఫీవర్ పిచ్’ అని దానిమీద పుస్తకమే రాశాడు. తల్లీ తండ్రీ విడిపోయారు. పిల్లాణ్ణి చూడ్డానికి వచ్చిన తండ్రికి వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీక, 1968లో ఆర్సెనల్, స్టోక్ సిటీ మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. ఆ రోజు అతని మనసులో నాటుకున్నది ఆట కాదు, చుట్టూ ఉన్న పెద్దవాళ్లు. డబ్బిచ్చి లోపలికొచ్చి అంత విసుగ్గా, అంత బాధగా కూర్చున్న మగవాళ్లని అతను అంతకుముందు చూళ్లేదట.

మావయ్య: చూశావా మరి! తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. చేతిలో పెట్టడమంటే అదే.

మేనకోడలు: తొందరపడకు. నీకు చేతిలో పెట్టింది కాకాబాబు ఒక్కడే అయితే ఒప్పుకుందును. హబీబ్ పేరు ఎందుకు మింగేస్తున్నావు?

మావయ్య: మింగట్లేదు, వస్తున్నా. బడిలో మమ్మల్ని మద్రాసీ అనేవారు. ఖరగ్‌పూర్ నిండా తెలుగువాళ్లే ఉన్నా బెంగాలీ పిల్లలకి మనం మద్రాసీలమే. ఒకరోజు పేపర్లో మా ఈస్ట్ బెంగాల్ ఆటగాడు మహమ్మద్ హబీబ్ బొమ్మ, పక్కన హైదరాబాద్ అని ఊరు పేరు కనపడ్డాయి. 1970లో బ్యాంకాక్ ఏషియాడ్‌లో మనకి కాంస్యం వచ్చిందే, ఆ జట్టులో వాడు. కెప్టెన్ నయీముద్దీన్, అతనూ హైదరాబాదే. కలకత్తాలో హబీబ్‌ని బడే మియా అని నెత్తిన పెట్టుకునేవారు. ఇంకేముంది, మర్నాటి నుంచి బడిలో ‘హబీబ్ మా ఆంధ్రావాడు’ అని ఛాతీ విరుచుకుని తిరిగాను.

మేనకోడలు: అప్పటికి హైదరాబాద్ చూశావా?

మావయ్య: పెళ్లయ్యాక చూశాను. హబీబ్ మాట్లాడేది ఉర్దూ, మా ఇంట్లోది సిక్కోలు తెలుగు. ఎదురుపడితే ఇద్దరం బెంగాలీలోనే మాట్లాడుకోవాలి. 1972, 73ల్లో ఇక్కడ జై ఆంధ్రా అని మీవాళ్లు రాష్ట్రాన్ని విడగొట్టమని రోడ్లెక్కితే, అక్కడ ఖరగ్‌పూర్‌లో నేనొక్కణ్ణి హైదరాబాద్‌నీ శ్రీకాకుళాన్నీ కలిపి ఉంచాను.

మేనకోడలు: సరే, కలిపి ఉంచావు. దీనికి జవాబు చెప్పు. 1975లో హబీబ్, తమ్ముడు అక్బర్ ఇద్దరూ మహమ్మడన్ స్పోర్టింగ్‌కి వెళ్లిపోయారు. ఆపై ఏడాది మోహన్ బగాన్‌కి. నీ ప్రేమ హబీబ్ మీదైతే వాళ్ల వెనకాల నువ్వూ వెళ్లుండాలి. కాకాబాబు మీదైతే ఆయన పోయాక నీకు ఆటతో పనేముంది?

(ఇక్కడ మావయ్యగారు వెంటనే జవాబివ్వలేదు. చాలా ఏళ్లుగా ఈ ప్రశ్నని దాటేస్తూ వస్తున్నారని నా అనుమానం.)

మావయ్య: 1975 సెప్టెంబర్ 30. షీల్డ్ ఫైనల్. మోహన్ బగాన్‌ని 5-0తో కొట్టాం. అంతకుముందే వరసగా ఆరు లీగులు గెలిచి ఉన్నాం. వర్క్‌షాపు కాలనీలో ఆ రాత్రి ఎవరూ పడుకోలేదు. నేనూ గెంతాను, గొంతు పోయేలా అరిచాను. ఇంటికొచ్చి మంచమెక్కాక గుర్తొచ్చింది, జట్టులో హబీబ్ లేడు కదా అని. సాయంత్రమంతా ఆ ఊసే తలపుకి రాలేదు! కాస్త సిగ్గేసింది. ఆపై ఏడాది లీగులో మళ్లీ మోహన్ బగాన్‌తోటే మ్యాచ్. ఇంట్లో ట్రాన్సిస్టర్ పట్టుకుని స్టేషన్ సరిగ్గా తగిలిస్తున్నాను, ఈలోపే జనం హోరు. ఆట మొదలై 17 సెకన్లు. గోలు. కొట్టింది అక్బర్. మా హైదరాబాద్ అక్బర్! ముందు ఆ పేరు విని పెదవులు సాగాయి. ఆ తర్వాత అది మా మీద కొట్టిన గోలని తెలిసింది. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట మీ అమ్మమ్మ వినకూడనిది. హబీబ్, అక్బర్ ఆ క్షణాన పరాయివాళ్లు అయిపోయారు. నేను ఈస్ట్ బెంగాల్‌వాణ్ణని నాకు ఎవరూ చెప్పలేదమ్మాయ్, ఆ 17 సెకన్లు చెప్పాయి.

మేనకోడలు: అదీ! నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. కాకాబాబు, పులుసు, హబీబ్, ఇవన్నీ ఎరలు. చేప గాలానికి తగులుకున్నాక ఎర ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చేతిలో పెట్టినవాళ్లంతా వెళ్లిపోయాక కూడా నువ్వు వదల్లేదంటే, ఎంచుకున్నట్టు కాదా?

మావయ్య: ఎక్కడ ఎంచుకున్నాను? వదులుదామంటే వీలు పడలేదు. రెండూ ఒకటేనా?

మేనకోడలు: నాకు తేడా తెలీట్లేదు.

మావయ్య: తెలుస్తుంది గానీ, నీ కథ చెప్పు. అల్లుడుగారు ఎన్నిసార్లు విన్నారో, ఇంకోసారి వింటారు.

మేనకోడలు: 2005. ఇస్తాంబుల్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. వాళ్లకి మే 25, మనకి అప్పటికే తారీఖు మారి అర్ధరాత్రి పన్నెండుంపావు. వేసవి సెలవులు, మీ ఇంట్లోనే ఉన్నాం. అందరూ మేడమీద పడుకున్నారు. మిలాన్ మొదటి నిమిషంలోనే గోలు కొట్టింది, మాల్దీని. విరామానికి 3-0. ఆ జట్టు ముందు లివర్‌పూల్ తేలిపోయింది. కట్టేసి పడుకోవచ్చు. నేను పడుకోలేదు. విరామం తర్వాత జెరార్డ్ తలతో ఒకటి, ష్మిట్సర్ దూరం నుంచి ఒకటి, అలోన్సో పెనాల్టీ గోలీ ఆపితే తిరిగొచ్చిన బంతిని లోపలికి కొట్టాడు. ఆరు నిమిషాల్లో మూడు. చివరికి పెనాల్టీలు. షెవ్‌చెంకో కొట్టిందాన్ని డూడెక్ ఆపాడు. అరవడానికి లేదు, పైన మీరంతా పడుకున్నారు. దిండు నోట్లో కుక్కుకున్నాను. ఏ కాకాబాబూ లేడు, ఏ హబీబూ లేడు. ఓడిపోతున్నవాళ్లని చూసి నేను ఎంచుకున్నాను.

మావయ్య: విరామానికి ముందే ఎంచుకున్నావా, మూడు గోల్సూ పడ్డాకా?

మేనకోడలు: ముందే!

మావయ్య: ఎందుకు?

మేనకోడలు: ...

మావయ్య: చెప్పు తల్లీ. మా పెద్దాడు ఆ రాత్రి ఎక్కడున్నాడు?

మేనకోడలు: పక్కనే ఉన్నాడు. మిలాన్ అన్నాడు. మొదటి గోలు పడగానే రిమోట్ తీసుకుని, అమ్మాయిలకి ఆట తెలీదు, పోయి పడుకో అన్నాడు.

మావయ్య: అందుకని నువ్వు అవతలి జట్టు!

మేనకోడలు: అందుకని కాదు. కొంత అందుకని.

మావయ్య: అదేమీ తక్కువ కాదు. మా క్లబ్బు పుట్టిందే అలిగి పుట్టింది. 1920లో మోహన్ బగాన్‌తో ఆడ్డానికి దిగిన జోడాబగాన్ జట్టు శైలేశ్ బోస్‌ని పక్కన పెట్టింది. దాని ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి, ఎందుకు తీశారు, దించండి అని అడిగాడు. వినలేదు. తూర్పు బెంగాల్‌వాళ్లమని చిన్నచూపా అని బయటికొచ్చి, ఆగస్టు 1న ఏకంగా వేరే క్లబ్బే పెట్టాడు. కోపంతో కూడా ప్రేమ మొదలవుతుంది. కానీ కోపగించుకోడానికి ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి కదా. నీకు లివర్‌పూల్‌ని చేతిలో పెట్టింది మా పెద్దాడే. వాడికి ఫోన్ చేసి చెప్తాను, సంతోషిస్తాడు.

మేనకోడలు: చెయ్యకు. సరే, మొదటి రాత్రి వాడి పుణ్యమే అనుకుందాం. తర్వాతి ఏళ్లు? నీ హబీబ్‌లాంటివాడు నాకు టోరెస్. గోడమీద వాడి పోస్టరు ఉండేది. 2011 జనవరి ఆఖరి రోజు 5 కోట్ల పౌండ్లకి చెల్సీకి వెళ్లిపోయాడు. పోస్టరు చించేశాను, క్లబ్బుని చించలేకపోయాను. అప్పటికి మీవాడు మిలాన్ మానేసి బార్సిలోనా అంటున్నాడు. ఇంకొకటి ఉంది. హిల్స్‌బరో సంగతి నాకు కాలేజీలో తెలిసింది. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్‌లో ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. జనాన్ని కిక్కిరిసిన ఎన్‌క్లోజర్లలోకి వదిలారు. 97 మంది లివర్‌పూల్ అభిమానులు పోయారు. పైగా తప్పంతా అభిమానులదేనని పోలీసులన్నారు, ‘సన్’ పత్రిక దాన్ని నిజమని అచ్చేసింది. అభిమానుల తప్పేమీ లేదని తీర్పు రావడానికి 2016 దాకా పట్టింది. లివర్‌పూల్‌లో ఇప్పటికీ చాలామంది ఆ పత్రిక ముట్టుకోరు. ఇదంతా చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పుట్టకముందు, ఎక్కడో, నాకేమీ కానివాళ్లు. దాన్ని నా చేతిలో ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టలేదు, నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

మావయ్య: 1980 ఆగస్టు 16. ఈడెన్ గార్డెన్స్‌లో మాకూ మోహన్ బగాన్‌కీ లీగు మ్యాచ్. గ్యాలరీలో కొట్లాట, తొక్కిసలాట. 16 మంది పోయారు. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నాను. రాత్రి హౌరా లోకల్ దిగినవాళ్లెవరూ గెలుపోటముల మాటెత్తలేదు. అందులో మనవాళ్లెందరు, అవతలివాళ్లెందరు అని కాకాబాబు ఒక్కసారి కూడా అడగలేదు.

మేనకోడలు: నువ్వు చెప్పే ‘చేతిలో పెట్టడం’లో పగ కూడా కలిపే పెడతారు మావయ్యా. అదే నాకు నచ్చనిది. నేను ఎంచుకున్నదాన్లో పగ నాకు అక్కర్లేదు.

మావయ్య: మాంచెస్టర్ యునైటెడ్ ఓడిన రోజు నువ్వు స్టేటస్‌లో ఏం పెడతావో నేనూ చూస్తుంటాను.

(ఇది నిజం. నేనూ చూస్తుంటాను.)

మావయ్య: ఒకటడుగుతాను. ఉంటున్నది హైదరాబాద్. ఇండియా ఫుట్‌బాల్‌కి ఒకప్పుడు అదే పుట్టిల్లు. కోచ్ రహీం సాబ్ సిటీ పోలీస్ జట్టుని 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించాడు. మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానంలో నిలబెట్టిందీ, 1962లో జకార్తాలో బంగారం తెచ్చిందీ ఆయన తయారుచేసిన జట్లే. సికింద్రాబాద్ బలరాం, నయీం, హబీబ్, అందరూ అక్కణ్ణుంచే కలకత్తా వచ్చారు. అలాంటి ఊళ్లో ఉండి, నీ ఊరి క్లబ్బుని కాదని ఎక్కడో సముద్రాల అవతలిదాన్ని పట్టుకోవడమేటి?

మేనకోడలు: కాదన్లేదు మావయ్యా. గచ్చిబౌలి వెళ్లాను, పసుపు జెర్సీ కొన్నాను. 2019లో పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి ఏడాది ఆఖరి స్థానం. 2022 మార్చి 20న ఛాంపియన్లయ్యారు. అదీ ఎక్కడ? గోవాలో. కోవిడ్ అని ఆ సీజన్లన్నీ అక్కడే ఆడించారు. కేరళ మీద 88వ నిమిషంలో సమం చేసి, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపి గెలిచారు. సొంత ఊరు టీవీలో చూసింది! తర్వాత డబ్బు కష్టాలు, ఆటగాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు. 2025లో క్లబ్బే ఢిల్లీకి వెళ్లిపోయింది, పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఇప్పుడు నేను దేన్ని ప్రేమించాలి? గచ్చిబౌలి స్టేడియాన్నా? ఊరు చేతిలో పెట్టింది, ఊళ్లోంచి ఎత్తుకుపోయారు. నీ సిద్ధాంతం అక్కడ ఏమైంది?

మావయ్య: ఊరంటే నేను మట్టి అన్లేదు.

మేనకోడలు: అన్నావు.

మావయ్య: అన్నాను గానీ, మా క్లబ్బు పేరే చూడు. ఈస్ట్ బెంగాల్. ఉన్నది కలకత్తాలో. ఆ పేరుగల ఊళ్లు సరిహద్దు అవతల. కాకాబాబు మళ్లీ బరిసాల్ చూడకుండానే పోయాడు.

మేనకోడలు: నేను చెప్పాల్సింది నువ్వే చెప్పేశావు. మీవాళ్లు ప్రేమించిందీ వెళ్లలేని ఊరినే. నేనూ అంతే. వింబుల్డన్ సంగతి తెలుసా? టెన్నిస్ కాదు, ఫుట్‌బాల్ క్లబ్బు. 1988 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మమ్మల్ని ఓడించింది. దాన్ని సుమారు 90 కిలోమీటర్ల దూరంలో మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతిచ్చారు. అభిమానులు వెంట వెళ్లలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు పెట్టుకున్నారు. ఆటగాళ్లు కావాలి రండి అని ఊరి మైదానంలో ట్రయల్స్ పెట్టారు. తొమ్మిదో అంచెలో మొదలుపెట్టి 2011కల్లా ఫుట్‌బాల్ లీగుకి వచ్చారు. 2020లో పాత వీధి ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియం కట్టుకున్నారు. ఒక్క ఆటగాడు కూడా లేని క్లబ్బుని ఎంచుకున్నారు మావయ్యా!

మావయ్య: ఎంచుకోవడం కాదది, ఉన్నదాన్ని పోనివ్వకపోవడం. ఇంకా నయం, మీ లివర్‌పూల్ అలా వెళ్లిపోలేదు.

మేనకోడలు: వెళ్లబోయింది. 2021 ఏప్రిల్‌లో పన్నెండు పెద్ద క్లబ్బులు కలిసి సూపర్ లీగ్ పెట్టుకుంటామన్నాయి. అందులో మాదీ ఉంది. జనం రోడ్డుమీదికొచ్చి చెల్సీ బస్సు కదలనివ్వలేదు. మూడు రోజుల్లో ఇంగ్లీషు క్లబ్బులన్నీ వెనక్కి తగ్గాయి. ఆ మూడు రోజులూ నేను జెర్సీ బీరువాలోంచి తియ్యలేదు.

మావయ్య: మోహన్ బగాన్‌వాళ్లదీ అదే గొడవ. 2020లో ఏటీకేతో కలిపేసి, 1889 నాటి క్లబ్బు పేరు ముందు కంపెనీ జట్టు పేరు తగిలించారు. కుర్రాళ్లు మూడేళ్లు బ్యానర్లు పట్టుకుని తిరిగారు, తీసెయ్యండి, తీసెయ్యండి అని. 2023లో తీసేశారు.

మేనకోడలు: నువ్వు సంతోషించావా?

మావయ్య: వాళ్ల పేరు వాళ్లకి దక్కకపోతే మేం ఎవరిమీద గెలవాలి? సరే, సంతోషించాను. ఒక రొయ్య కూడా తిన్నాను. ఈ మాట ఖరగ్‌పూర్‌లో ఎవరికైనా చెప్పావంటే మాత్రం, నువ్వు నా మేనకోడలివే కాదు.